కార్పెనీసి నుండి ఏథెన్స్ దాకా: కోస్తాస్ బకోయానిస్ ప్రస్థానం, గ్రీకు స్థానిక పాలన నియమాలు

వ్యాససంగ్రహం

ఒక కొండ పట్టణానికి మేయరుగా, తరువాత ఐదు జిల్లాల ప్రాంతానికి అధిపతిగా, ఆపైన రాజధానీ నగరానికి మేయరుగా ప్రజల ఓటుతోనే పదవులు పొందిన గ్రీకు నాయకుడు కోస్తాస్ బకోయానిస్. ఆయన పుట్టింది దేశానికి ప్రధానమంత్రులను ఇచ్చిన కుటుంబంలో. ఈ ప్రస్థానాన్ని వంశం ఒక్కటే వివరించలేదనీ, 2010 నుండి 2021 వరకు గ్రీసు చేసుకున్న మూడు స్థానిక పాలన చట్టాలతో కలిపి చదివినప్పుడే దాని ఎగుడుదిగుడులు అర్థమవుతాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రీసు, స్థానిక స్వపరిపాలన, కల్లిక్రాతిస్ సంస్కరణ, మేయరు, ప్రాంతీయ పాలన, రెండో విడత పోలింగ్, వారసత్వ రాజకీయాలు.

ప్రవేశిక

గ్రీకు భాషలో పురపాలక సంఘాన్ని 'దీమోస్' అంటారు. ప్రాచీన ఏథెన్స్‌లో ఈ మాటకు ప్రజ అనీ, ఊరి వంటి స్థానిక విభాగమనీ రెండర్థాలు ఉండేవి. ప్రజాస్వామ్యానికి ఐరోపా భాషలు వాడుతున్న పేరు ఈ మాట నుండే పుట్టింది. నేటి గ్రీసులో మేయరును 'దీమార్ఖోస్' అని, ప్రాంతీయ పాలకుణ్ణి 'పెరిఫెరియార్ఖిస్' అని వ్యవహరిస్తారు. మొదటి పదవికి మాట పాతది. రెండో పదవికి మాటే కాదు, దానిని ఓటుతో నింపే ఏర్పాటు కూడా కొత్తదే. 2010కి ముందు గ్రీసులో ప్రాంతీయాధిపతిని ప్రజలు ఎన్నుకోలేదు, ప్రభుత్వమే నియమించేది.

ఈ రెండు పదవులనూ నిర్వహించిన కోస్తాస్ బకోయానిస్ 1978 మార్చిలో ఏథెన్స్‌లో జన్మించారు. 2011 నుండి 2014 వరకు కార్పెనీసి మేయరుగా, 2014 నుండి 2019 వరకు మధ్య గ్రీసు ప్రాంతాధిపతిగా, 2019 నుండి 2023 చివరి వరకు ఏథెన్స్ మేయరుగా పనిచేశారు. ఆయన గురించిన చర్చ సాధారణంగా ఒక ప్రశ్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది: ఇదంతా ఆయన సంపాదించుకున్నదా, ఇంటి నుండి వచ్చినదా? ప్రశ్న సహజమైనదే, కాని సరిపోయేది కాదు. ఒక తలుపు తెరుచుకోవడానికి ఇంటిపేరు తోడ్పడవచ్చు. అసలు ఆ తలుపు ఎక్కడ ఉండాలో, ఎంత వెడల్పుగా ఉండాలో తేల్చేది చట్టం.

ఇంటిపేరు

తల్లి దోరా బకోయాని. గ్రీకులో స్త్రీల ఇంటిపేరు సాధారణంగా షష్ఠీ విభక్తి రూపంలో ఉంటుంది కనుక కొడుకు 'బకోయానిస్', తల్లి 'బకోయాని'. ఆమె 1990 నుండి 1993 వరకు ప్రధానమంత్రిగా ఉన్న కొన్‌స్తాంతినోస్ మిత్సోతాకిస్ కుమార్తె. 2019లో ప్రధానమంత్రి అయిన కిరియాకోస్ మిత్సోతాకిస్‌కు అక్క. 2002 ఎన్నికలలో గెలిచి ఏథెన్స్ నగరానికి తొలి మహిళా మేయరు అయ్యారు. 2004 ఒలింపిక్ క్రీడలు ఆమె పదవీకాలంలోనే జరిగాయి. 2006లో విదేశాంగ మంత్రి అయ్యారు.

తండ్రి పావ్లోస్ బకోయానిస్ కథ వేరు. ఆయన ఎవ్రితానియా కొండలలోని వెలోతా గ్రామంలో పుట్టారు. 1967 నుండి 1974 వరకు గ్రీసును ఏలిన సైనిక నియంతృత్వానికి వ్యతిరేకంగా జర్మనీలోని మ్యూనిక్ నుండి, బవేరియా రేడియో గ్రీకు ప్రసారాలలో మాట్లాడిన పాత్రికేయుడు. 1989లో న్యూ డెమోక్రసీ పక్షాన ఎవ్రితానియా నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అంతర్యుద్ధ కాలం నుండి బద్ధశత్రువులుగా ఉన్న కుడి, వామపక్షాలు ఆ ఏడాది కలిసి ప్రభుత్వం ఏర్పరచడంలో ఆయన పాత్ర ముఖ్యమైనది. అంతర్యుద్ధపు చట్టపరమైన పర్యవసానాలను తొలగించే శాసనం కూడా ఆ సంవత్సరమే వచ్చింది. 1989 సెప్టెంబరు 26న 'నవంబరు 17' అనే సాయుధ ముఠా ఏథెన్స్‌లో ఆయన కార్యాలయ భవనపు ప్రవేశద్వారం వద్ద ఆయనను కాల్చి చంపింది. అప్పటికి కుమారునికి పదకొండేళ్లు. 2002 డిసెంబరులో, మేయరుగా గెలిచి ఇంకా బాధ్యతలు స్వీకరించకముందే, తల్లి ప్రయాణిస్తున్న కారు మీద కూడా ఒక వ్యక్తి కాల్పులు జరిపాడు. ఆమె ప్రాణాపాయం నుండి తప్పించుకున్నారు.

వారసత్వం అన్న మాటను పదవుల జాబితాగా మాత్రమే చదివితే ఈ భాగం కనబడదు. బకోయానిస్‌కు తల్లి వైపు నుండి వచ్చినది ఏథెన్స్, ప్రధానమంత్రి కార్యాలయపు చుట్టరికం. తండ్రి వైపు నుండి వచ్చినది ఒక కొండ జిల్లా, ఒక హత్య తాలూకు జ్ఞాపకం. అమెరికాలోని బ్రౌన్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలలో చదివి, ఐరోపా పార్లమెంటు, ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలలో కొంతకాలం పనిచేసిన తరువాత ఆయన మొదట ఎంచుకున్నది తండ్రి ఊరి దారిని.

చట్టం గీసిన పటం

ఆ దారి 2010లో తెరుచుకోవడానికి చట్టపరమైన కారణం ఉంది. 1990ల మధ్య వరకు గ్రీసులో సుమారు 5,800 పురపాలక సంఘాలు, గ్రామ సంఘాలు ఉండేవి. కొన్ని గ్రామ సంఘాలలో జనాభా వందలలోనే ఉండేది. 1997 నాటి కాపోదీస్త్రియాస్ సంస్కరణ వాటిని వెయ్యికి కొంచెం పైగా కుదించింది. 2010 నాటి కల్లిక్రాతిస్ సంస్కరణ ఆ సంఖ్యను 325కు తెచ్చింది. దేశాన్ని 13 ప్రాంతాలుగా నిలిపి, వాటి అధిపతులనూ మండళ్లనూ ప్రజలే ఎన్నుకునే ఏర్పాటు చేసింది. చట్టాలకు చరిత్ర పురుషుల పేర్లు పెట్టడం గ్రీకు ప్రభుత్వాలకు అలవాటు. కాపోదీస్త్రియాస్ ఆధునిక గ్రీసు తొలి పాలకుడు, కల్లిక్రాతిస్ పార్థినోన్ ఆలయ శిల్పులలో ఒకడు. 2018 చట్టానికి పేరిచ్చిన క్లీస్తెనిస్ ప్రాచీన ఏథెన్స్ ప్రజాస్వామ్య వ్యవస్థకు రూపమిచ్చినవాడు. పేర్ల వైభవం చూసి చట్టాల ఆయుర్దాయాన్ని అంచనా వేయరాదు. క్లీస్తెనిస్ చట్టపు ఎన్నికల నియమాలు ఒక్క ఎన్నికకే పరిమితమయ్యాయి.

'ప్రాంతం' అనగానే భారతీయ పాఠకుడు రాష్ట్రాన్ని ఊహించుకునే అవకాశం ఉంది. అది సరికాదు. గ్రీసు ఏకకేంద్ర రాజ్యం. ప్రాంతానికి శాసనసభ లేదు, సొంత చట్టాలు లేవు, పోలీసులు లేరు. రోడ్ల నిర్వహణ, వరద రక్షణ, పర్యావరణ తనిఖీలు, ఐరోపా సమాఖ్య అభివృద్ధి నిధుల వినియోగం వంటివి దాని పనులు. స్వభావంలో అది మన జిల్లా పరిషత్తుకే దగ్గర. ఒక తేడా మాత్రం ముఖ్యమైనది: ప్రాంతాధిపతినీ, మేయరునూ సభ్యులు కాక ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. మొదటి విడతలో ఎవరికీ నిర్ణీత శాతం రాకపోతే మొదటి ఇద్దరి మధ్య వారం తరువాత రెండో విడత జరుగుతుంది.

కొండ పట్టణం

కార్పెనీసి ఎవ్రితానియాకు కేంద్రం. సముద్రమట్టానికి సుమారు 950 మీటర్ల ఎత్తున, వెలూహి పర్వతం కింద ఉంది. గ్రీసులో జనాభా అతి తక్కువగా ఉన్న జిల్లాలలో ఎవ్రితానియా ఒకటి. కల్లిక్రాతిస్ చట్టం చుట్టుపక్కల సంఘాలను కార్పెనీసిలో కలిపిన తరువాత కూడా కొత్త పురపాలక సంఘపు జనాభా 13 వేలకు అటూఇటూ మాత్రమే. విస్తీర్ణం పెద్దది, ఊళ్లు చెదురుమదురు, చలికాలంలో మంచు దారులను మూసివేస్తుంది. ఇటువంటి చోట మేయరు పని అంటే ప్రధానంగా మంచు తొలగించడం, నీటి గొట్టాలు బాగుచేయించడం, యువకులు వదిలివెళ్లిన ఊళ్లలో మిగిలిన వృద్ధుల బాగోగులు చూడటం.

స్వపరిపాలన చరిత్రలో ఈ కొండలకు విశేషమైన స్థానం ఉంది. నాజీ ఆక్రమణ కాలంలో ప్రతిఘటనోద్యమం ఇక్కడి పల్లెలలో ప్రజా న్యాయస్థానాలను, గ్రామ పాలక మండళ్లను నడిపింది. 1944 మే నెలలో విముక్త ప్రాంతాల జాతీయ మండలి కార్పెనీసి సమీపంలోని కోరిస్ఖాదెస్ గ్రామపు బడిలో సమావేశమైంది. ఆ మండలి ఎన్నికలలో గ్రీకు స్త్రీలు కూడా ఓటు వేశారు. అప్పటికి గ్రీసు రాజ్యం స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటుహక్కు ఇవ్వలేదు. ఆ ఉద్యమంలో వామపక్షానిది పైచేయి. అంతర్యుద్ధం తరువాత ఆ జ్ఞాపకం గురించి బాహాటంగా మాట్లాడటానికి కూడా దశాబ్దాలు పట్టింది. పావ్లోస్ బకోయానిస్ 1989లో చేసిన సయోధ్య ప్రయత్నానికి ఆయన సొంత జిల్లా చరిత్రే నేపథ్యం.

కుమారుడు ఇక్కడ పోటీచేసిన 2010 నవంబరు నాటికి కుటుంబపు రాజకీయ స్థితి కూడా అనుకూలంగా లేదు. అప్పుల సంక్షోభంలో విదేశీ రుణ ఒప్పందానికి అనుకూలంగా ఓటు వేసినందుకు ఆ ఏడాది మే నెలలో న్యూ డెమోక్రసీ దోరా బకోయానిని పార్టీ నుండి బహిష్కరించింది. ఆమె నవంబరులో వేరు పార్టీ స్థాపించి, 2012లో తిరిగి పాత గూటికి చేరారు. 32 ఏళ్ల కోస్తాస్ మేయరుగా పనిచేసిన కాలం, పొదుపు చర్యల కింద గ్రీకు పురపాలక సంఘాలకు కేంద్రం నుండి వచ్చే నిధులు భారీగా తగ్గిన కాలం ఒకటే. కొత్త నియామకాలు దాదాపు నిలిచిపోయాయి. కల్లిక్రాతిస్ చట్టం ఒక చేత్తో పురపాలక సంఘాలకు బాధ్యతలు పెంచగా, రుణ ఒప్పందం మరో చేత్తో వాటి జేబు ఖాళీ చేసింది. ఆ చట్టంపై వచ్చిన విమర్శలలో బలమైనది ఇదే.

గట్టి నేల

2014 మే ఎన్నికలలో ఆయన మధ్య గ్రీసు ప్రాంతాధిపతిగా ఎన్నికయ్యారు. ప్రాంతపు గ్రీకు పేరు 'స్తేరేయా ఎల్లాదా'. 'గట్టి నేల గ్రీసు' అని దాని అర్థం. దేశంలో క్రీట్ తరువాత అతి పెద్ద ద్వీపమైన ఎవియా కూడా ఈ 'గట్టి నేల'లోనే ఉండటం విచిత్రం. ఎవ్రితానియా, ఫ్థియోతిదా, ఫోకిదా, బియోతియా, ఎవియా అనే ఐదు విభాగాలు, సుమారు ఐదున్నర లక్షల జనాభా, లామియా పరిపాలనా కేంద్రం. ఒక కొసన మంచుకొండలు, ఇంకొక కొసన ఏథెన్స్ వైపు ఉన్న ఇనోఫిటా పారిశ్రామిక వాడ. అక్కడి ఆసోపోస్ నదిలోనూ భూగర్భ జలాలలోనూ విషపూరితమైన క్రోమియం చేరడం 2007 నుండి దేశమంతటా చర్చకు వచ్చిన సమస్య. కార్పెనీసిలో జనం లేకపోవడం సమస్య అయితే ఇనోఫిటాలో పరిశ్రమలు ఎక్కువ కావడం సమస్య. ఈ రెండింటికీ ఒకే కార్యాలయం జవాబు చెప్పవలసి రావడం కల్లిక్రాతిస్ పటం లక్షణం.

పదవి చేపట్టిన కొద్ది నెలలకే, 2015 జనవరిలో, కేంద్రంలో వామపక్ష సిరిజా అధికారంలోకి వచ్చింది. అందువలన ప్రాంతాధిపతిగా ఆయన పదవీకాలంలో అత్యధిక భాగం ప్రత్యర్థి ప్రభుత్వంతో కలిసి పనిచేయడంలోనే గడిచింది. ప్రాంతీయ పాలన పత్రికల మొదటి పేజీకి ఎక్కే పని కాదు. వంతెనలు, కాలువలు, టెండర్లు, ఐరోపా నిధుల దరఖాస్తులు దాని రోజువారీ సరుకు. ఈ ప్రాంతంలోనే ఉన్న ఖెరోనియాలో పుట్టిన ప్లూటార్క్, రాజనీతిపై రాసిన రచనలో, తాను ఊరిలో పెంకుల కొలతలూ రాళ్ల దిగుమతీ పర్యవేక్షిస్తుంటే చూసి నవ్వేవారి గురించి చెబుతాడు. థీబ్స్ వీరుడు ఎపమినోందాస్‌కు వీధుల చెత్త తొలగింపు పని అప్పగిస్తే, ఆయన ఆ పదవికే గౌరవం తెచ్చాడని కూడా అక్కడే గుర్తుచేస్తాడు. చిన్న పదవి పెద్ద కుటుంబీకునికి తగదన్న భావన ఆ నేలలో రెండువేల ఏళ్ల నాడే వాదనకు నిలిచిన విషయం.

రాజధాని

2019 జూన్ 2న జరిగిన రెండో విడతలో బకోయానిస్ సిరిజా అభ్యర్థి నాసోస్ ఇలియోపూలోస్‌పై సుమారు 65 శాతం ఓట్లతో గెలిచారు. జూలైలో మేనమామ ప్రధానమంత్రి అయ్యారు. సెప్టెంబరులో మేనల్లుడు మేయరు కుర్చీలో కూర్చున్నారు. కార్పెనీసిలో లేని అనుకూలత ఏథెన్స్‌లో ఉంది. అక్కడ లేని అనుమానం కూడా ఇక్కడే మొదలైంది. నగరంలో ఏ మంచి జరిగినా అది ప్రభుత్వపు ఉదారతగా, ఏ చెడు జరిగినా కుటుంబపు బాధ్యతగా కనబడే స్థితి అది.

ఏథెన్స్ అనగానే గుర్తుకువచ్చే మహానగరమంతా ఈ మేయరు చేతిలో లేదు. ఏథెన్స్ పురపాలక సంఘం నగర నడిబొడ్డు మాత్రమే, జనాభా ఆరున్నర లక్షలలోపు. చుట్టూ ఉన్న అనేక పురపాలక సంఘాలతో కూడిన అత్తికా ప్రాంతానికి వేరే అధిపతి ఉన్నారు. మెట్రో, బస్సులు, పోలీసులు కేంద్రప్రభుత్వం కిందివి. చెత్త, వీధిదీపాలు, చౌకులు, కాలిబాటలు, శిశు సంరక్షణ కేంద్రాలు మేయరువి.

కాలిబాటల విషయంలోనే ఆయన అత్యధిక విమర్శను మూటగట్టుకున్నారు. పురాతన కట్టడాలనూ నగర కేంద్రాన్నీ 6.8 కిలోమీటర్ల నడకదారితో కలిపే 'మహా నడకదారి' పథకాన్ని 2020 జూన్‌లో, మహమ్మారి వల్ల రాకపోకలు తగ్గిన సమయంలో, ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. పనెపిస్తిమీయు వీధిలో వాహనాల వరుసలు తగ్గించి, రోడ్డు మీద రంగు పూసి, పెద్ద కుండీలలో తాటిజాతి చెట్లు నిలిపారు. వాహనాలు తిరిగి పెరిగేసరికి రద్దీ కూడా తిరిగివచ్చింది. కుండీలు హాస్యచిత్రాలకు వస్తువులయ్యాయి, ఖర్చుపై ప్రశ్నలు వచ్చాయి, ఏర్పాట్లలో చాలాభాగం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆలోచన చెడ్డది కాదు. 2004 ఒలింపిక్స్‌కు ముందు ఆక్రోపోలిస్ కింది వీధిని నడకదారిగా మార్చినప్పుడు నగరం దానిని సొంతం చేసుకుంది. అది రాయి పరిచి శాశ్వతంగా చేసిన పని, ఇది రంగుతో గీసిన ప్రయోగం. ప్రయోగమని చెప్పినా ప్రజలు దానిని తుదిరూపంగానే చూసి తీర్పు చెప్పారు.

వేసవి విషయంలో మరొక చిత్రం కనబడుతుంది. 2021 జూలైలో నగరం వేడిమి వ్యవహారాలకు ప్రత్యేకాధికారిని నియమించింది. ఐరోపా నగరాలలో ఇది మొదటిది. ఆ బాధ్యత చేపట్టిన ఎలెనీ మిరివీలి నగర పర్యావరణ రంగంలో అప్పటికే పనిచేసినవారు. వడగాడ్పును విపత్తుగా లెక్కించి, ముందే హెచ్చరించి, వృద్ధులకు చల్లని చోట్లు చూపాలన్న ఆలోచన దీని వెనుక ఉంది. ఆ ఆగస్టులో గ్రీసు తీవ్రమైన ఎండలతోనూ దావానలాలతోనూ అల్లాడింది. కుండీల కథ అందరికీ తెలిసినంతగా ఈ పని చర్చకు రాలేదు. నగర పాలనలో కంటికి కనబడని పనికి ఓట్లు రాలడం అరుదు.

ఒకే శాతం, రెండు ఫలితాలు

ఈ ప్రస్థానంలో అసలు పాఠ్యభాగం రెండు ఎన్నికల పోలిక. 2019 మొదటి విడతలో బకోయానిస్‌కు 42 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 2023 అక్టోబరు 8న, నాలుగేళ్ల పాలన తరువాత, 41 శాతానికి పైగా వచ్చాయి. మొదటిసారి ఆ ఓట్లు రెండో విడతలో ఘనవిజయానికి దారితీయగా రెండోసారి ఓటమికి దారితీశాయి. ఓటరు మనసు మారిందనడం సగమే నిజం. మొదటి విడత ఓట్ల శాతం దాదాపు అంతే ఉంది.

నియమాలు ఎలా మారాయో చూడాలి. కల్లిక్రాతిస్ చట్టం ప్రకారం మొదటి విడతలో గెలవడానికి సగానికి మించిన ఓట్లు కావాలి. గెలిచిన జట్టుకు మండలిలో ఐదింట మూడు వంతుల స్థానాలు దక్కేవి. 2018లో సిరిజా ప్రభుత్వం తెచ్చిన క్లీస్తెనిస్ చట్టం సగం ఓట్ల నియమాన్ని ఉంచి, స్థానాలను మాత్రం వచ్చిన ఓట్ల దామాషాలో పంచింది. అందువలన 65 శాతంతో గెలిచిన బకోయానిస్‌కు మండలిలో సొంత ఆధిక్యం లేకపోయింది. మొదటి విడత ఓట్లే లెక్క కదా. మిత్సోతాకిస్ ప్రభుత్వం వచ్చిన వెంటనే, 2019 ఆగస్టులో, మండలి అధికారాలలో ముఖ్యమైనవి మేయరు జట్టుకు ఆధిక్యం ఉండే కమిటీలకు మార్చింది. 2021లో పూర్తి కొత్త చట్టం చేసింది: మొదటి విడతలో 43 శాతం దాటితే చాలు, గెలుపే. గెలిచినవారికి మళ్లీ ఐదింట మూడు వంతుల స్థానాలు. అధికారంలో ఉన్న పెద్ద పార్టీ అభ్యర్థులకు, చీలిపోయిన ప్రతిపక్షం ఎదుట, ఈ 43 శాతం గీత అనుకూలమన్నది అప్పటి ప్రతిపక్షాల ఆరోపణ.

ఏథెన్స్‌లో ఆ గీతకు రెండు శాతం కూడా తేడా లేకుండా బకోయానిస్ ఆగిపోయారు. రెండో స్థానం కోసం పాసోక్ మద్దతు ఉన్న హారిస్ దూకాస్‌కూ సిరిజా అభ్యర్థికీ మధ్య స్వల్ప తేడా మాత్రమే ఉంది. దూకాస్ ఏథెన్స్ జాతీయ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంధన విధానాల ఆచార్యుడు. ఆయనకు వచ్చినవి సుమారు 14 శాతం. వారంలో సిరిజా ఆయనకు మద్దతు ప్రకటించింది. 2019లో ప్రత్యర్థి సిరిజా మనిషి కనుక మధ్యేవాద ఓటర్లు అతని వైపు వెళ్లలేదు. 2023లో మధ్యేవాదికి వామపక్ష ఓటర్లు చేరారు. అక్టోబరు 15న దూకాస్‌కు దాదాపు 56 శాతం, బకోయానిస్‌కు 44 శాతం వచ్చాయి. అదే రోజు థెస్సలొనీకిలోనూ, సెప్టెంబరు వరదలలో మునిగిన థెస్సలీ ప్రాంతంలోనూ పాత అధిపతులు ఓడిపోయారు కనుక దేశమంతటా వీచిన గాలి కూడా ఇందులో ఉంది. ఏథెన్స్‌లో ఆ రోజు ఓటు వేసినవారు మొత్తం ఓటర్లలో మూడో వంతు కూడా లేరు. మొదటి ఆదివారం నాటి ఆధిక్యం చూసి గెలుపు ఖాయమనుకున్న కొందరు రెండో ఆదివారం ఇళ్లలోనే ఉండిపోయారన్న వ్యాఖ్యానం అప్పట్లో వినిపించింది. అది నిజమైనా కాకపోయినా, ఇంత తక్కువ పోలింగ్‌లో కొద్దిమంది కదలినా ఫలితం తారుమారు అవుతుంది.

2021 చట్టపు రెండో నియమం ఇక్కడే పనిచేసింది. మొదటి విడతలో 14 శాతం తెచ్చుకున్న దూకాస్ జట్టుకు మండలిలో ఐదింట మూడు వంతుల స్థానాలు దక్కాయి. 41 శాతం తెచ్చుకున్న బకోయానిస్ జట్టు మిగిలిన రెండు వంతులను ఇతర ప్రతిపక్షాలతో పంచుకోవలసి వచ్చింది. ఆయన మేనమామ ప్రభుత్వం రద్దుచేసిన క్లీస్తెనిస్ నియమమే అమలులో ఉండి ఉంటే ఆ మండలిలో అతి పెద్ద జట్టు ఆయనదే అయి ఉండేది. 2024 జనవరి 1న మొదలైన కొత్త మండలి గడువు ఐదేళ్లు. నాలుగేళ్ల గడువును తిరిగి ఐదుకు పెంచినది కూడా ఆ 2021 చట్టమే.